హౌసా, ఈఆరా, హాస్పిటల్ ప్లేలిస్టా: మీకు సరిపడే ఆసుపత్రి సిరీస్ ఎంచుకోవడం ఎలా

ఆసుపత్రి సిరీస్ ఏది మొదలుపెట్టాలో తేల్చుకునేటప్పుడు చాలామంది హీరో ఎవరు, అవార్డులు ఎన్నొచ్చాయి, ఫ్రెండ్స్ ఏమన్నారు అని చూస్తారు. ఈ రకం కథలకు ఆ లెక్క పనికిరాదు. ఇవి మూస కథలు, మూసే వీటి బలం. ప్రతి ఎపిసోడూ అదే ప్రశ్నను కొత్త పేషెంటుతో మళ్లీ అడుగుతుంది. హౌస్ అడిగేది "ఈ జబ్బేమిటి?" అని. ఈఆర్ అడిగేది "ఈ మనిషి ఈ గంట గట్టెక్కుతాడా?" అని. గ్రేస్ అనాటమీకి "వీళ్లిద్దరూ కలుస్తారా?" అన్నదే అసలు సంగతి, ఆపరేషన్ దాని పక్కన నడుస్తుంది. కొరియా వాళ్ల హాస్పిటల్ ప్లేలిస్ట్ "ఈ మాటను పేషెంటు తాలూకు వాళ్లకు ఎలా చెప్పాలి?" అని అడుగుతుంది. వంద గంటలపాటు మళ్లీ మళ్లీ విన్నా మీకు విసుగు పుట్టని ప్రశ్న ఏదో చూసుకోండి. ఎంపికలో ముప్పాతిక వంతు అక్కడే అయిపోతుంది.

అన్నీ ఒకేలా ఉండే కథల్ని జనం ఎందుకు చూస్తారన్న ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. సత్యనారాయణస్వామి వ్రతకథ ఐదు అధ్యాయాలూ ఇంట్లో అందరికీ తెలుసు. షావుకారు ఓడ మునుగుతుందనీ, మళ్లీ తేలుతుందనీ తెలిసే కూర్చుని వింటాం. ఏమవుతుందో తెలిసి ఉండటమే ఆ కాసేపటి నెమ్మదికి కారణం. ఆసుపత్రి సిరీస్ కూడా అంతే. నిజం ఆసుపత్రిలో మనిషిని తినేసేది జబ్బొక్కటే కాదు, జవాబు రాకపోవడం కూడా. విశాఖపట్నంలో 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఇవాళ్టికీ శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి "కేజీహెచ్‌కి రాశారు" అంటూ కుటుంబాలు వస్తూనే ఉంటాయి. ఆరిలోవ హెల్త్ సిటీలో ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పరిస్థితీ వేరు కాదు. బ్లడ్ కల్చర్‌కి రెండు మూడు రోజులు, బయాప్సీ రిపోర్టుకి వారం దాకా. ఒక్కోసారి అన్ని పరీక్షలూ అయ్యాక కూడా "చూద్దాం" అనే మాటే మిగులుతుంది. టీవీలో అదే ప్రశ్నకు నలభై రెండు నిమిషాల్లో జవాబొస్తుంది. మనిషి బతికినా పోయినా ఎందుకో తెలుస్తుంది. ఈ ఊరట చిన్నదేమీ కాదు, దాన్ని కోరుకోవడంలో తప్పూ లేదు. అయితే ఒక్కో ఫార్ములా ఒక్కో రకం ఊరటనిస్తుంది, పోల్చుకోవలసింది వాటినే.

చిక్కుముడి రకం: హౌస్

2004 నవంబరు నుంచి 2012 మే దాకా ఫాక్స్ చానల్‌లో ఎనిమిది సీజన్లు, 170కి పైగా ఎపిసోడ్లు. డేవిడ్ షోర్ దీన్ని షెర్లాక్ హోమ్స్ అచ్చులో పోశాడు. హీరో డాక్టర్ హౌస్ ఇంటి నంబరు కూడా 221బీ. ఈ రకంలో ఇంత కచ్చితమైన మూస ఇంకోటి లేదు. గడియారం పెట్టుకుని చూడవచ్చు. మొదటి మూడు నిమిషాల్లో ఎవరో కుప్పకూలతారు, మీరు అనుకున్న మనిషి కాకుండా పక్కనున్నవాడు పడటం మామూలు. ఆ తర్వాత తెల్లబోర్డు మీద లక్షణాల జాబితా, ఒక్కో డాక్టరు ఒక్కో జబ్బు పేరు. పది పన్నెండు నిమిషాలకు మొదటి మందు వేస్తారు, అది తప్పని తేలుతుంది. ఇరవైకల్లా కొత్త అవయవం దెబ్బతింటుంది. ఈలోగా ఇద్దరు డాక్టర్లు పేషెంటు ఇంట్లో దొంగతనంగా దూరి మందుల అల్మారా, ఫ్రిజ్ వెతుకుతారు. ముప్ఫై అయిదో నిమిషం దగ్గర హౌస్ తన స్నేహితుడు విల్సన్‌తో వేరే విషయమేదో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతాడు, చూపు మారుతుంది. అప్పటికి జబ్బు దొరికినట్టే.

మొదటి ఎపిసోడే దీనికి మంచి నమూనా. పాఠం చెబుతున్న పంతులమ్మకు మాట పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి. మెదడులో కణితి అనుకుంటారు. తర్వాత రక్తనాళాల వాపు అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే, తేరుకున్నట్టే కనిపించి మళ్లీ దిగజారుతుంది. చివరికి ఆవిడ ఇంట్లో పంది మాంసం ఉందన్న మాటతో తాళం ఊడుతుంది. టేప్‌వార్మ్ గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు మెదడుకు చేరాయి, జబ్బు పేరు న్యూరోసిస్టిసెర్కోసిస్. తొడ ఎక్స్‌రేలో పురుగు తిత్తి కనిపించడంతో రుజువవుతుంది.

ఈ కథ తెలుగువాళ్లకు ఇంకోలా కనిపిస్తుంది. అమెరికా టీవీకి అంత పెద్ద మిస్టరీ అయిన ఈ జబ్బు మన దేశంలో ఫిట్స్‌కు తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి. ఇక్కడి న్యూరాలజీ ఓపీలో దీనికి తెల్లబోర్డు అక్కర్లేదు, స్కాన్ చూసి అనుమానించేస్తారు. పైగా ఇది మెదడుకు రావడానికి పంది మాంసం తినక్కర్లేదు. పురుగు గుడ్లున్న నీళ్లు, సరిగా కడగని పచ్చికూరలు, శుభ్రం లేని చేతులు చాలు, అందుకే పక్కా శాకాహారుల్లోనూ కనిపిస్తుంది. సిరీస్ చూసి "మేం మాంసం తినం, మాకు రాదు" అనుకుంటే ప్రమాదం. ఇంట్లో డాక్టరుంటే హౌస్‌ని వాళ్లతో కలిసి చూడండి. ఏ జబ్బు అక్కడ అరుదో, ఇక్కడ మామూలో మాట్లాడుకుంటుంటే సగం ఆనందం అందులోనే దొరుకుతుంది.

హౌస్ ఎవరికి నప్పుతుంది? పదకేళీ పూరించేవాళ్లకు, డిటెక్టివ్ నవలలు చదివి పెరిగినవాళ్లకు, సెంటిమెంటు ఎక్కువైతే విసుక్కునేవాళ్లకు. ఎవరికి వద్దు? ఒంట్లో చిన్న తేడా వచ్చినా పెద్ద జబ్బేమోనని భయపడేవాళ్లకు అసలు వద్దు. ఇందులో తలనొప్పి తలనొప్పిగా మిగలదు. రోజుకు రెండు ఎపిసోడ్లు మించితే మూస గుట్టు బయటపడి రుచి పోతుంది, వారానికి మూడు చాలు. నాలుగో సీజన్ హాలీవుడ్ రచయితల సమ్మె వల్ల 16 ఎపిసోడ్లకే ఆగింది. కొత్త టీమును పోటీ పెట్టి ఎంచుకోవడమే దాని మొదటి సగం, కాబట్టి అక్కడ కాస్త గందరగోళంగా అనిపించినా ఆపకండి. ఆ సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు మొత్తం సిరీస్‌కే తలమానికం.

క్యాజువాలిటీ రకం: ఈఆర్, ది పిట్

హార్వర్డ్‌లో వైద్యం చదివిన మైకేల్ క్రైటన్ 1974లో రాసిపెట్టుకున్న స్క్రిప్టు, ఇరవై ఏళ్ల తర్వాత ఎన్‌బీసీలో ఈఆర్ అయింది. 1994 నుంచి 2009 దాకా 15 సీజన్లు, 331 ఎపిసోడ్లు. ఇందులో జబ్బు కనుక్కోవడం కన్నా వరస ముఖ్యం: ఎవర్ని ముందు చూడాలి, ఎవరు ఆగగలరు, ఏ బెడ్డు ఖాళీ అవుతుంది. స్ట్రెచర్ తలుపు తోసుకుని వస్తుంటే కెమెరా కూడా కట్ లేకుండా దాని వెంటే పరిగెడుతుంది. ఒక ఎపిసోడ్‌లో ఏడెనిమిది కేసులు. కొన్నింటికి రెండే నిమిషాలు, అందులో మనిషి పేరు కూడా తెలియదు. పండగ రాత్రి పెద్దాసుపత్రి క్యాజువాలిటీ ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లకు ఈ వరస చిరపరిచితం.

2025 జనవరిలో వచ్చిన ది పిట్ దీని వారసుడు. ఈఆర్‌లో కుర్ర డాక్టరు కార్టర్‌గా చేసిన నోవా వైలీ ఇందులో పెద్ద డాక్టరు. మొదటి సీజన్ మొత్తం ఒకే డ్యూటీ: ఉదయం ఏడు గంటలకు మొదలై ఎపిసోడుకో గంట చొప్పున 15 ఎపిసోడ్లు. వెనక సంగీతం దాదాపు ఉండదు, మానిటర్ల చప్పుడు, మనుషుల మాటలు మాత్రమే. ఆ ఏడాది అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్ ఇదే. నర్సుల్ని మనుషులుగా చూపించిన అరుదైన సిరీస్ కూడా ఇదే. క్యాజువాలిటీని నడిపే సీనియర్ నర్సు డానా పాత్రకు కేథరిన్ లనాసాకు ఎమ్మీ వచ్చింది. నర్సింగ్ చదువుతున్న అమ్మాయి ఇంట్లో ఉంటే మరేమీ ఆలోచించకుండా ఇది చూపించండి.

రెండింట్లో ఏది? స్టీల్‌ప్లాంట్‌లో బీ షిఫ్టు దిగి రాత్రి పదిన్నర దాటాక ఇల్లు చేరి, అన్నం తింటూ ఒక్క ఎపిసోడ్ చూసి పడుకునేవాళ్లకు ఈఆర్ మంచిది. నలభై నాలుగు నిమిషాల్లో కేసులు చాలామటుకు అక్కడికక్కడే తెమిలిపోతాయి. ది పిట్‌లో అలా కాదు. రెండో గంటలో వచ్చిన పేషెంటు ఏడో గంటలోనూ కారిడార్‌లో ఉంటాడు, కథ మధ్యలో ఆపితే బరువు మీతోపాటే మంచమెక్కుతుంది. సెలవు రోజు పగటిపూట మూడేసి ఎపిసోడ్ల చొప్పున చూడటమే దీనికి పద్ధతి. గాయాలు, కాన్పు దాపరికం లేకుండా దగ్గరగా చూపిస్తారు, కాబట్టి పిల్లలున్న హాల్లో వద్దు, అన్నం ముందు అస్సలు వద్దు.

ఈఆర్ చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ ఒక కాన్పు కేసు చుట్టూ తిరుగుతుంది, మిగతావాటిలా చివర్లో సర్దుకోదు. టీవీ వైద్య కథల్లో అది గొప్ప గంటల్లో ఒకటి. ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం దాన్ని దాటేయండి, కథ తెగిపోదు.

మనసుల రకం: గ్రేస్ అనాటమీ, హార్ట్ బీట్

షోండా రైమ్స్ సృష్టించిన గ్రేస్ అనాటమీ 2005 మార్చిలో మొదలై ఇరవై సీజన్లు, నాలుగు వందల ఎపిసోడ్లు దాటేసింది. ఎపిసోడ్ మొదట్లోనూ చివర్లోనూ సాధారణంగా కథానాయిక మెరెడిత్ గొంతు వినిపిస్తుంది, మధ్యలో మూడు కేసులు. ఆ కేసులు ఊరికే రావు. భర్తతో మాట పడని డాక్టరుకు భర్తతో మాట పడని పేషెంటే వస్తుంది. ఈ కిటుకు పట్టుకున్నాక పేషెంటు నోరు తెరవగానే ఆ రోజు ఏ డాక్టరు ఏడుస్తుందో చెప్పేయవచ్చు. అదే దీని రుచి. రోజువారీ సీరియల్‌కు అలవాటుపడిన ఇంటికి ఇంగ్లీషు వైద్య కథల్లో సులువుగా ఎక్కేది ఇదే. మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లే, పరీక్షించుకోవడానికి అనువు. ఆరో సీజన్ ముగింపు దగ్గర, లేదంటే పదో సీజన్ ముగింపు దగ్గర ఆపేస్తే నిండుగా ఉంటుంది. ఆ తర్వాత పాత ముఖాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయి, అవే ప్రమాదాలు వేరే పేర్లతో తిరిగొస్తాయి.

ఇదే రకం మన పక్క నుంచి కావాలంటే 2024 మార్చిలో మొదలైన తమిళ సిరీస్ హార్ట్ బీట్ ఉంది. కొత్తగా చేరిన ఇంటర్న్‌లు, పెద్ద డాక్టరమ్మ, ఆవిడకూ ఒక ఇంటర్న్‌కూ మధ్య ఉన్న తల్లీకూతుళ్ల రహస్యం. అమెరికా మూసను దక్షిణాది ఇంటి సెంటిమెంటులో ముంచి తీశారు. ఎపిసోడ్ చిన్నది, భాష అడ్డు తక్కువ, తప్పుచేసిన ఇంటర్న్ సీనియర్ ముందు నిలబడే తీరు మనం ఎరిగిందే. వైద్యం లోతుగా ఉండాలనుకునేవాళ్లకు ఇది చాలదు.

తెలుగు సీరియల్‌లోని డాక్టరు సంగతి వేరు. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన కార్తీక దీపం పుణ్యమా అని "డాక్టర్ బాబు" అన్న పిలుపు ఇంటింటి మాటయింది. ఆయన గుండె డాక్టరే, కానీ కథ గుండె జబ్బుల మీద నడవలేదు. అక్కడ వైద్యం పనల్లా ఒక రిపోర్టు పుట్టించడం, ఆ రిపోర్టు కాపురాన్ని విడదీయడం. కాబట్టి అమ్మమ్మకు డాక్టర్ బాబు ఇష్టమని హౌస్ పెడితే నచ్చదు. ఆవిడ చూసింది డాక్టరును కాదు, అల్లుణ్ని. ఆవిడకు హార్ట్ బీట్ పెట్టండి.

మంచి మనుషుల రకం: హాస్పిటల్ ప్లేలిస్ట్, డాక్టర్ రొమాంటిక్

ఒకే ఒక్కటి సూచించమంటే మేం చెప్పేది హాస్పిటల్ ప్లేలిస్టే. 2020లో 12, 2021లో 12, మొత్తం 24 ఎపిసోడ్లు. 1999లో మెడికల్ కాలేజీలో కలిసిన అయిదుగురు, ఇప్పుడు ఒకే ఆసుపత్రిలో నలభయ్యేళ్ల ప్రొఫెసర్లు: కాలేయం, పిల్లల సర్జరీ, గుండె, కాన్పులు, మెదడు. డ్యూటీ లేనప్పుడు బేస్‌మెంట్‌లో పాత పాటలు వాయించుకుంటారు. విలన్ లేడు, కుట్ర లేదు, అరుపులు లేవు. ఎపిసోడ్ గంటన్నర దాకా సాగుతుంది, అందులో నాలుగైదు కుటుంబాల కథలు.

దీని మూస మొదట్లో కంటికి ఆనదు. దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది: డాక్టరు ఒక మాట ముక్కుసూటిగా అంటాడు, చూసేవాళ్లకు కోపమొస్తుంది. అరగంట తర్వాత అదే డాక్టరు ఎవరూ చూడనప్పుడు చేసిన పని ఇంకొకరి నోట బయటపడుతుంది. ఆపరేషన్ గొప్పగా చూపించరు, తలుపు బయట కూర్చున్నవాళ్లనే చూపిస్తారు. కాలేయం ఇవ్వడానికి ముందుకొచ్చిన తండ్రి బరువు తగ్గడానికి పడే పాట్లూ, గుండె కోసం నెలల తరబడి ఎదురుచూసే పిల్లల తల్లులు వార్డులో ఒకరికొకరు తోడవడమూ. మన ఆసుపత్రుల్లో పేషెంటు పక్కన ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు అటెండెంట్లుంటారు. అమెరికా సిరీస్‌లలో వాళ్లు మాయమైపోతారు, కొరియా కథలో మాత్రం కనిపిస్తారు. టిఫిన్ క్యారియరు పట్టుకుని వార్డు మెట్లెక్కిన అనుభవం ఉన్న ఏ కుటుంబానికైనా ఈ సిరీస్ ఇట్టే అందుతుంది.

మొదటి ఎపిసోడ్ మాత్రం కష్టం. అయిదుగురి పేర్లు, వాళ్ల వాళ్ల పేర్లు, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. రెండో ఎపిసోడ్ సగందాకా ఓపిక పట్టండి. పేర్లు గుర్తుండకపోతే విభాగాలతో గుర్తుపెట్టుకోండి.

డాక్టర్ రొమాంటిక్ 2016లో మొదలై మూడు సీజన్లు వచ్చింది. కొండల్లోని చిన్న ఆసుపత్రికి వచ్చి చేరిన మహా సర్జను, సియోల్ పెద్దాసుపత్రి పెత్తనం, ఈ రెండింటి మధ్య గొడవ. అరకు, నర్సీపట్నం వైపు నుంచి వైజాగ్‌కు రిఫరల్ మీద వచ్చే కేసుల గురించి తెలిసినవాళ్లకు "ఇక్కడే చేద్దామా, పైకి పంపుదామా" అన్న ఇందులోని తర్జనభర్జన బాగా పడుతుంది. ఇది హాస్పిటల్ ప్లేలిస్ట్ అంత నెమ్మది కాదు, మాస్ హీరో ఎంట్రీలుంటాయి. తెలుగు సినిమా ఇష్టపడే ఇంటికి ముందు ఇదే పెట్టండి, తర్వాత అది.

మేధావి రకం గురించి రెండు మాటలు

ది గుడ్ డాక్టర్ 2017 నుంచి 2024 దాకా నడిచింది, దానికి మూలం 2013 నాటి కొరియా సిరీస్. ఆటిజం ఉన్న కుర్ర సర్జను ఎవరూ చూడనిది చూస్తాడు, పైవాళ్లు నమ్మరు, చివరికి అతనిదే నిజమవుతుంది. కుటుంబమంతా కలిసి చూడదగ్గదే. కానీ ఇంట్లో ఆటిజం ఉన్న బిడ్డ ఉంటే దీన్ని కొలబద్ద చేసుకోవద్దు. అలాంటి అసాధారణ జ్ఞాపకశక్తి ఆటిజం ఉన్నవాళ్లలో కొద్దిమందికే ఉంటుంది. బిడ్డ నుంచి అద్భుతం ఆశించడం బిడ్డకు భారం.

ముంబై డైరీస్ రెండు సీజన్లూ ఈ జాబితాలో ఇమడవు. మొదటి సీజన్ మొత్తం 2008 నవంబరు 26 దాడుల రాత్రి, రెండోదానికి నగర వరదలు నేపథ్యం. బాగా తీశారు, కానీ అది ఉత్కంఠ కథ. అలసిపోయి సేద తీరాలనుకున్న రాత్రికి పనికిరాదు. స్క్రబ్స్ కామెడీ, ఇరవై రెండు నిమిషాలే. ఆంధ్రా మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్సీ చేస్తున్నవాళ్లకు మాత్రం ముందు అదే. సీనియర్‌కు ఫోన్ చేయాలా వద్దా అన్న రాత్రి రెండు గంటల భయాన్ని అంత నిజంగా మరేదీ పట్టుకోలేదు.

ఎంచుకున్నాక ఎలా పరీక్షించాలి

మొదటి ఎపిసోడ్‌ని బట్టి తేల్చవద్దు. అది అమ్మకం కోసం తీసింది, ఖర్చు ఎక్కువ, వరస వేరు. మూడోదో నాలుగోదో చూడండి, అసలు మూస అప్పటికి కుదురుకుంటుంది. ఆ ఎపిసోడ్ అయ్యాక తర్వాతిది వెంటనే చూడాలని ఉందా, హాయిగా టీవీ కట్టేయాలని ఉందా గమనించండి. నిద్రకు ముందు చూసేదానికి రెండోదే మంచి గుర్తు.

చానల్ కోసం తీసిన అమెరికా సిరీస్ అయిదారు ముక్కలుగా ఉంటుంది, ప్రకటన రాకముందు ప్రతి ముక్కా ఒక గండం దగ్గర ఆగుతుంది. యాప్‌లో ప్రకటనలు లేకపోయినా ఆ నల్లతెర మిగిలే ఉంటుంది. మధ్యలో లేవాల్సివస్తే అక్కడ ఆపండి.

తెలుగు ఆడియో ఉందో లేదో యాప్‌లో చూసుకునే మొదలుపెట్టండి, హక్కులు మారుతుంటాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీద ఆధారపడేవాళ్లకు ఈఆర్, ది పిట్ వేగం ఇబ్బందే, ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు. వేగం తగ్గించే వీలుంటే 0.75 పెట్టుకోండి. ఫోన్ డేటా మీద చూస్తే మధ్యస్థ నాణ్యతకు గంటకు సుమారు 0.7 జీబీ, హెచ్‌డీకి 3 జీబీ దాకా పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో మధ్యస్థంగా గంట నిడివి ఎపిసోడ్లు రెండుకు మించి రావు.

మాటల విషయంలో కొంత సర్దుబాటు కావాలి. అక్కడి రెసిడెంట్ మన పీజీ, అటెండింగ్ మన కన్సల్టెంట్, ఓఆర్ మన ఓటీ. ఇంటర్న్ అనగానే మన హౌస్ సర్జన్ అనుకుంటే కథ తప్పుగా అర్థమవుతుంది. అక్కడి ఇంటర్న్ డిగ్రీ పుచ్చుకుని పీజీ మొదటి ఏడాదిలో ఉన్న డాక్టరు, అందుకే అంత తొందరగా కత్తి చేతికిస్తారు. "ఎపి" అంటే మన డాక్టర్లు అడ్రినలిన్ అనేది. "కెమ్ సెవెన్" అంటే సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, యూరియా నైట్రోజన్, క్రియాటినిన్, గ్లూకోజ్, ఈ ఏడూ. "టైప్ అండ్ క్రాస్" అంటే రక్తం గ్రూపు చూసి క్రాస్ మ్యాచింగ్ చేయడం.

ఏవి నమ్మకూడదు

గీత చదునైపోయిన మానిటర్, పొడుగ్గా కూత, డాక్టరు షాక్ ఇవ్వగానే గుండె మళ్లీ కొట్టుకోవడం. ఇది దాదాపు అన్నింట్లోనూ ఉంటుంది, తప్పు. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నప్పుడే షాక్ పనికొస్తుంది. గీత పూర్తిగా చదునైతే ఛాతీ నొక్కడం, మూడు నుంచి అయిదు నిమిషాలకోసారి ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్, అంతే. టీవీవాళ్లకు తెలియక కాదు. చదునైన గీత ఎవరికైనా ఒక్క క్షణంలో అర్థమవుతుంది, లయ తప్పిన గీత అర్థం కాదు.

సీపీఆర్, అంటే ఆగిన గుండెకు ఛాతీ నొక్కే సీన్‌లో చేతుల్ని చూడండి. మోచేతులు వంగి ఉంటాయి, ఛాతీ దిగదు. బతికున్న నటుడి మీద నిజంగా నొక్కితే పక్కటెముకలు విరగవచ్చు, అందుకే అలా. నిజంగా చేసేటప్పుడు మోచేతులు బిగించి, ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కాలి. టీవీలో చూసి నేర్చుకున్నవాళ్లు మెత్తగా నొక్కుతారు, రెండు నిమిషాల్లో వదిలేస్తారు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం అప్పటి టీవీ కార్యక్రమాల్లో సీపీఆర్ చేసినవాళ్లలో 75 శాతం అప్పటికి బతికారని లెక్క తేల్చింది. అమెరికాలోనే ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో బతికి ఇంటికి వెళ్లేది పదిమందిలో ఒకరు. గ్రేస్ అనాటమీలో దీనికి తిరగబడిన లెక్క ఉంది. 2018 నాటి అధ్యయనంలో ఆ సిరీస్‌లోని గాయాల పేషెంట్లలో 22 శాతం చనిపోయారు, నిజం రికార్డుల్లో 7 శాతమే. ఆశైనా ఏడుపైనా, కథకు ఏది కావాలో అటే మొగ్గుతుంది.

ఫిట్స్ సీన్లు ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాటిని ఇంట్లో అనుకరిస్తాం. మనిషిని అదిమిపట్టడం, నోట్లో ఏదో కుక్కడం సిరీస్‌లలో పదేపదే కనిపిస్తాయి. మన వీధుల్లో దానికి తోడు చేతిలో తాళాల గుత్తి పెడతారు, దానివల్ల ఏమీ కాదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

మాస్కు గడ్డం కిందికి జారి ఉండటం, డాక్టరే రక్తం తీసి తనే ఎమ్మారై నడపడం మాత్రం హాని లేని తప్పులు. ముఖం కనిపించాలి, జీతమిచ్చే నటులు ఏడెనిమిది మందే, అందుకని నర్సులు, టెక్నీషియన్లు చేసే పనులన్నీ వాళ్ల చేతికే వస్తాయి.

ఇక ఇంట్లోవాళ్లు ఎవరైనా ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఏం చూడాలన్నది కొందరు అడిగే ప్రశ్న. అదే జబ్బు ఉన్న ఎపిసోడ్ ఏ సిరీస్‌లోనూ చూడవద్దు. ఎపిసోడ్ పేరు కింద రెండు లైన్ల కథ ఇస్తారు, ముందే చదవండి. ఐసీయూలో ఉంటే ఈఆర్, ది పిట్ పక్కన పెట్టేయండి, మానిటర్ చప్పుడు చాలు గుండె దడ పుట్టించడానికి. డిశ్చార్జి అయి ఇంటికొచ్చి, మందుల చీటీ ప్రకారం రోజులు గడుస్తున్నప్పుడు హాస్పిటల్ ప్లేలిస్ట్ మొదలుపెట్టవచ్చు, పేషెంటుతో కలిసే. గంటన్నర ఒక్కసారిగా కూర్చోలేకపోతే ఎపిసోడ్‌ని రెండు సాయంత్రాలకు పంచుకోండి.